మస్తరులో పేరు

1929లో మొదలైన ఆర్థిక మాంద్యం గురించి రాసేవాళ్ళందరూ మనల్ని ముందు యూరప్‌కే తీసుకెళ్తారు. 1932 మొదట్లో జర్మనీలో అరవై లక్షల మందికి పని లేదు. బ్రిటన్‌లో 1911 నుంచీ నిరుద్యోగ బీమా చట్టం ఉంది. పని పోయినవాడు లేబర్ ఆఫీసుకెళ్ళి, వరసలో నిలబడి, సంతకం పెట్టి భృతి పుచ్చుకునేవాడు. 1931 తర్వాత ఇంట్లో ఎవరెవరు ఎంత సంపాదిస్తున్నారో, ఏం దాచుకున్నారో ఆరా తీసి మరీ ఆ భృతికి కోత పెట్టారు. అది అవమానమని అక్కడి పాతవాళ్ళు చచ్చేదాకా పళ్ళు కొరికారు. కొరకడంలో న్యాయముంది. కానీ నా బుర్ర ఇంకోచోట ఆగిపోతుంది. అరవై లక్షలని లెక్క తేలిందంటే, అరవై లక్షల పేర్లు ఎవరో ఒకరు కాగితం మీద పెట్టారన్నమాట.

మా సోంపేట, మందస, టెక్కలి వైపు, అటు చీపురుపల్లి, గరివిడి వైపు అదే మాంద్యం వచ్చింది. అలాగే పనులు పోయాయి. పేర్లు మాత్రం ఎవరూ రాసుకోలేదు.

ఈ పేర్ల పిచ్చి నాకు ఉద్యోగంలో అంటుకుంది. విశాఖ డాక్ లేబర్ బోర్డులో బుకింగ్ గుమాస్తాగా చేశాను. షిఫ్టు మొదలయ్యే ముందు కాల్ స్టాండ్‌లో గ్యాంగుల వారీగా పేర్లు పిలవడం, ఏ గ్యాంగు ఏ బెర్తులో ఏ ఓడకి వెళ్ళాలో స్లిప్పు రాసివ్వడం నా పని. ఓడలు తక్కువున్న రోజున కొన్ని గ్యాంగులకి పని తగలదు. అయినా వచ్చి హాజరు వేయించుకున్నందుకు వాళ్ళకి ఎంతో కొంత డబ్బు కట్టేవాళ్ళం. కొత్తలో ఈ సంగతి ఇంట్లో చెబితే మా తాత నమ్మలేదు. “పని నేకపోతే డబ్బులేటిరా గుంటడా? ఎవుడిస్తాడు?” అన్నాడు. ఆయనకి ఓడలు కొత్త కాదు. కుర్రతనంలో రంగం వెళ్ళి బస్తాలు మోసినవాడు. రంగూన్‌ని మా వైపు రంగమనే అంటారు.

రంగం వెళ్ళడమంటే ఆ రోజుల్లో పరదేశం పోవడం కాదు. 1937 ఏప్రిల్ 1 దాకా బర్మా బ్రిటిష్ ఇండియాలో ఒక ముక్క. పాస్‌పోర్టు అక్కర్లేదు, టిక్కెట్టుంటే చాలు. 1852లో దిగువ బర్మా ఇంగ్లీషువాళ్ళ చేతికొచ్చింది. 1869లో సూయజ్ కాలువ తెరుచుకుంది. ఐరావతి డెల్టాలో అడవులు కొట్టి వరి వేశారు. ఆ బియ్యం మర పట్టాలి, బస్తాలకెత్తాలి, ఓడల్లోకి చేర్చాలి. అక్కడి రైతుకి సొంత పొలముండగా రేవు కూలీకి ఎందుకొస్తాడు? అందుకని మనవాళ్ళని తెప్పించుకున్నారు. విశాఖపట్నం, గంజాం, గోదావరి జిల్లాల నుంచి పోయిన తెలుగువాళ్ళు రేవులోనూ బియ్యం మరల్లోనూ పనిచేశారు, రిక్షాలు లాగారు, ఊరి మురికి ఎత్తారు. కోరంగి రేవు పేరు మీద వాళ్ళందరినీ అక్కడ కోరంగీలనేవారు. 1920ల చివర్లో రంగూన్ రేవులో ఏటా మూడు లక్షలకు పైగా మనుషులు దిగేవారు. 1931 జనాభా లెక్కల్లో రంగూన్ నగరంలో ఉన్న నాలుగు లక్షల మందిలో భారతీయులు 2,12,929. అంటే సగం పైనే.

ఇప్పటి శ్రీకాకుళం జిల్లా అప్పుడు లేదు. అది 1950లో, విజయనగరం జిల్లా 1979లో వచ్చాయి. అప్పట్లో మాది గంజాం జిల్లా. కింద జమీందారు, పైన మద్రాసు. బారువ, కళింగపట్నం, భీమునిపట్నం రేవుల దగ్గర స్టీమరు ఒడ్డుకి రాదు, లోతులో ఆగుతుంది. నావల మీద అలలు దాటి వెళ్ళి తాడు నిచ్చెన పట్టుకోవాలి. తాత బారువలో ఎక్కాడు. మేస్త్రీ ఇచ్చిన అడ్వాన్సులో కొంత పాత అప్పుకి, కొంత ఓడ టిక్కెట్టుకి పోయింది. మిగిలినది చెల్లెలి పెళ్ళికి ఇంట్లో ఇచ్చి వెళ్ళాడు. రంగంలో కాలు పెట్టకముందే అప్పు నెత్తిన ఉందన్నమాట. అది తీరేదాకా మేస్త్రీని వదలడానికి లేదు.

మేస్త్రీ అంటే నేటి కాంట్రాక్టరు సూపర్‌వైజరు అనుకోకండి. ఓడ కంపెనీ, సరుకు దింపే బాధ్యత స్టీవెడోర్‌కి అప్పజెప్పుతుంది. స్టీవెడోర్ పెద్ద మేస్త్రీకి, పెద్ద మేస్త్రీ చిన్న మేస్త్రీలకి, వాళ్ళు గ్యాంగులకి. కూలి డబ్బు కూడా ఆ మెట్లే దిగుతుంది. ఒక్కో మెట్టు దగ్గర కాస్త తడుస్తుంది. బసకి, తిండికి, అడ్వాన్సు కంతుకి మినహాయించి చేతిలో ఎంత పెడితే అంత. 1929లో వేసిన రాయల్ కమిషన్ ఆన్ లేబర్, మన వాడుకలో విట్లీ కమిషన్, 1930 చివర్లో రంగూన్ కూడా వెళ్ళి సాక్ష్యాలు తీసుకుంది. ఆ మేస్త్రీ పద్ధతీ, ఒక్కో గదిలో కుక్కిన మనుషులూ అన్నీ రికార్డయ్యాయి. అయితే అక్కడ మాట్లాడింది అధికారులు, యజమానులు, సంఘాల పెద్దలు. బస్తా మోసినవాడి సొంత మాట ఆ రిపోర్టుల్లో వెతుక్కోవాలి.

తాత మాట నాకు కొంత తెలుసు. వెన్ను వంచి, మెడ కింద, రెండు భుజాల మధ్య కాయ కాసిన చోటు చూపించేవాడు. బిళ్ళంత గట్టి చర్మం, ముసలితనంలోనూ కరగలేదు. బియ్యం బస్తా అక్కడ కూర్చోవాలి. కాస్త కిందికి జారితే నడుం పోతుంది, పైకి జరిగితే మెడ పోతుంది. కుడి చేతిలో కొక్కెం బస్తా చెవిని పట్టుకుంటుంది. గట్టు నుంచి పడవ మీదికి వేసిన పలక నడుస్తుంటే కిందా మీదా ఊగుతుంది. పలక పైకి లేచినప్పుడు అడుగు వెయ్యాలి, కిందికి దిగేటప్పుడు వెయ్యకూడదు. “ముందోడి మడమ చూసి నడవాల. నీళ్ళకేసి చూసినోడు నీళ్ళలోకే పోతాడు” అనేవాడు. తర్వాత నేను వించ్‌ల కాలంలో పనిచేశాను. క్రేను గొలుసు తెగిన రోజులు చూశాను. అయినా ఆ పలక మీద నడక తలుచుకుంటే నా కాళ్ళలో నీరసం పుడుతుంది.

1930 మే నెలకి వద్దాం. 5వ తేదీన గాంధీజీని అరెస్టు చేశారు. ఆ రోజు సాయంత్రమే బర్మాలో పెద్ద భూకంపం వచ్చింది. పెగూలో వందల మంది పోయారు, రంగూన్‌లోనూ ఇళ్ళు కూలాయి. అదే వారంలో రేవులో తెలుగు కూలీలు పని ఆపేశారు. రోజుకి రూపాయిన్నర ఇస్తున్నారు, రెండు రూపాయలు చెయ్యమన్నారు. దీన్ని గాంధీజీ అరెస్టు మీద నిరసనగా రాసినవాళ్ళున్నారు, కూలి తగాదాగా రాసినవాళ్ళున్నారు. ఖాళీ కడుపు ఈ రెంటినీ వేరు చేసి చూడదని నా అభిప్రాయం.

స్టీవెడోర్లు ఏం చేశారు? బర్మా కూలీలని పిలిచారు. అప్పటిదాకా రేవు పని వాళ్ళకి అంతగా దక్కేది కాదు. వచ్చారు, మొదట్లో తడబడ్డారు, అలవాటు పడ్డారు. రెండు వారాలు గడిచాక యజమానులు తెలుగువాళ్ళతో ఒప్పందం చేసుకున్నారు. మే 26 పొద్దున పాత గ్యాంగులు రేవుకి తిరిగొచ్చాయి. బర్మావాళ్ళకి ఇక రావద్దని ముందుగా చెప్పిన పుణ్యాత్ముడు లేడు. వాళ్ళూ ఎప్పట్లా వచ్చారు. వాళ్ళ ఆడవాళ్ళు అన్నం తెచ్చారు. పని లేదన్నాక ఆ అన్నం గిన్నెలు చూసి తెలుగువాళ్ళు ఎగతాళి చేశారని, అక్కడే మొదటి దెబ్బ పడిందని చెబుతారు. అప్పుడు రంగూన్ జిల్లా మేజిస్ట్రేటుగా ఉన్న మారిస్ కోలిస్ తర్వాత తన పుస్తకంలో ఆ రోజుల గురించి వివరంగా రాశాడు.

మనవాళ్ళు నవ్వారన్న ఆ ముక్కని దాటేసి పోవడం నాకిష్టం లేదు. కొందరు నవ్వే ఉంటారు. రెండు వారాలు పస్తులుండి గెలిచామనుకున్నవాడు, తన పని లాక్కున్నాడనుకున్న మనిషిని చూసి నవ్వుతాడు. నవ్వింది కొందరైతే చచ్చింది ఎందరో. రేవులో మొదలైన కొట్లాట ఊళ్ళోకి పాకి, కూలీల బసల మీద పడింది. కత్తులు, ఇనప కమ్ములు పట్టుకొని తలుపులు విరగ్గొట్టారు. వేలాది తెలుగువాళ్ళు పాత పిచ్చాసుపత్రి ఆవరణలో తలదాచుకున్నారు. ఊరి మురికి ఎత్తేవాళ్ళూ వాళ్ళే కనక రంగూన్ వీధులు కంపెత్తిపోయాయి. అధికారులు ఇచ్చిన లెక్క చచ్చినవాళ్ళు 120 మంది, దెబ్బలు తిన్నవాళ్ళు తొమ్మిది వందలు. అంతకు చాలా ఎక్కువన్నవాళ్ళే ఎక్కువ. నదిలో పడినవాళ్ళని ఎవరు లెక్కపెట్టారు? ఆ గ్యాంగుల్లో ఎవరెవరున్నారో తెలిసింది మేస్త్రీకే. మేస్త్రీ పద్దులో ఉండేది బాకీ. బాకీదారు చచ్చిపోతే పద్దు కొట్టేస్తాడు, అంతే.

మా తాత ఆ గొడవల రోజుల్లో ఒక బియ్యం మర అటక మీద గోనె సంచుల కింద పడుకున్నాడు. ఆ మరలో పనిచేసే ఒక బర్మా ముసలాయన నీళ్ళు అందించాడట. ఆ ముసలాయన ఎవరని అడిగితే, “మరేటో తెలీదురా. ఆడూ నాలాగే మోతగాడు” అన్నాడు.

దీన్ని జాతుల కొట్లాటగానే చదివించారు మనకి. బర్మా పక్కన ఏం జరుగుతోందో చూస్తే కథ మారుతుంది. డెల్టా రైతు అప్పటికే వడ్డీ వ్యాపారులైన చెట్టియార్ల దగ్గర అప్పులో మునిగి ఉన్నాడు. 1930 చివరికి వడ్ల ధర దాదాపు సగానికి పడిపోయింది. ఆ ఏడాది డిసెంబరులో సయా సాన్ నడిపిన రైతు తిరుగుబాటు లేచింది. దిగువ బర్మాలోని పదమూడు ముఖ్య వరి జిల్లాల్లో చెట్టియార్ల చేతిలో ఉన్న భూమి 1930లో ఆరు శాతం, 1937 నాటికి ఇరవై అయిదు శాతం. భూమి పోయినవాడు ఎక్కడికెళ్తాడు? రంగూన్ రేవుకే వెళ్తాడు. అక్కడ మా తాత నిలబడి ఉన్నాడు. ఒకడు అప్పుతో ఇల్లు వదిలాడు, ఇంకొకడు అప్పులో పొలం వదిలాడు. ఇద్దరినీ పక్కపక్కన పెట్టి ఎవడు చవకగా వస్తాడో బేరమాడినవాళ్ళ ఇంటి అద్దం ఒక్కటి కూడా పగల్లేదు. గొడవల తర్వాత తేల్చిందేమిటి? రేవు పనిలో సగం బర్మా గ్యాంగులకి, సగం మనవాళ్ళకి. పని దొరికే రోజులు తగ్గాయి. మేస్త్రీ మాత్రం ఎక్కడికీ పోలేదు.

ఇదంతా బర్మావాళ్ళ అనాగరికమని అప్పట్లో ఇంగ్లీషు దొరలు పెదవి విరిచారు. వాళ్ళ పక్కింట్లోనే ఏం జరిగిందో చూడండి. మొదటి యుద్ధం తర్వాత బొగ్గు గనుల కోసం ఫ్రాన్స్ పోలండ్ నుంచి లక్షల మందిని రప్పించుకుంది. మాంద్యం రాగానే 1932 ఆగస్టులో చట్టం చేసి, విదేశీ కూలీల వాటాకి హద్దు పెట్టింది. 1934, 35ల్లో పోలిష్ గని కార్మికుల్ని కుటుంబాలతో సహా రైళ్ళెక్కించి పంపేసింది. కత్తులు లేవు, ముద్ర వేసిన కాగితాలున్నాయి. పని కరువైనప్పుడు బయటివాడి మీద పడటం రంగూన్‌లో పుట్టిన జబ్బేమీ కాదు.

1930, 31ల్లో బర్మాకి వెళ్ళిన భారతీయులకంటే తిరిగొచ్చినవాళ్ళే ఎక్కువ. వచ్చి దిగిన చోట ఏముంది? మద్రాసు రాష్ట్రంలోనూ వడ్ల ధర పడింది, జమీందారు శిస్తు పడలేదు. ఇంతకాలం శిస్తు కట్టింది రంగం మనియార్డర్లే. అవి ఆగిపోయాయి.

విజయనగరం వైపు ఇంకో దెబ్బ. దేశంలో మాంగనీసు తవ్వకం మొదలైంది అక్కడే, 1890ల మొదట్లో. కోడూరు, గర్భాం గనుల ఖనిజం యూరప్ ఉక్కు కొలుముల కోసం పోయేది. అక్కడ కొలుములు ఆరిపోయాయి. దేశం మొత్తం మీద 1929లో పది లక్షల టన్నుల దరిదాపు తవ్వినవాళ్ళు 1932లో రెండు లక్షల చిల్లర దగ్గర ఆగారు. గమేళా ఎత్తే చీపురుపల్లి ఆడకూలికి జర్మనీ ఎక్కడుందో తెలియదు. జర్మనీలో కొలిమి ఆరితే ఆమె పొయ్యీ ఆరింది. భీమిలి జూట్ పేరుతో ఓడలెక్కిన మన గోగునారకీ గిరాకీ పోయింది.

బ్రిటన్‌లో జారో అనే ఓడలు కట్టే ఊరి నుంచి 1936 అక్టోబరులో రెండు వందల మంది పని కోసం లండన్ దాకా నడిచారు. దాని మీద పుస్తకాలు, సినిమాలు, విగ్రహాలు వచ్చాయి. మరుసటి ఏడాదే మన ఇచ్ఛాపురం నుంచి మద్రాసు దాకా రైతు రక్షణ యాత్ర నడిచింది. దారి పొడుగునా ఊళ్ళల్లో మీటింగులు పెడుతూ, అర్జీలు తీసుకుంటూ, పదిహేను వందల మైళ్ళు. కొమ్మారెడ్డి సత్యనారాయణమూర్తి, చలసాని వాసుదేవరావు ముందు నడిచారు. జారో పేరు మన పిల్లలకి పోటీ పరీక్షల్లో తగిలే అవకాశముంది, ఇచ్ఛాపురం యాత్ర పేరు వాళ్ళ పాఠాల్లో ఎక్కడుందో నాకైతే కనిపించలేదు. అదే నేల మీద 1940 ఏప్రిల్ 1న మందస జమీందారీలో పోలీసులు కాల్చారు. గున్నమ్మ, నిండు చూలాలు, అక్కడే పడిపోయింది. వీర గున్నమ్మ పేరు మిగిలింది, సంతోషం. రంగం రేవులో పోయినవాళ్ళకి ఆ భాగ్యమూ లేదు.

తాత మళ్ళీ రంగం వెళ్ళలేదు. విశాఖలో హార్బరు కడుతున్నారని విని కాలినడకన వెళ్ళాడు. రెండు పాత ఓడలని రాళ్ళతో నింపి సముద్రంలో ముంచి అలలకి అడ్డు పెట్టిన పని అది. 1933 డిసెంబరులో వైస్రాయి వచ్చి హార్బరు తెరిచాడు. తాత అప్పటికి అదే రేవులో రోజుకూలీ. పొద్దున గేటు దగ్గర వందల మంది మూగితే మేస్త్రీ వేలెత్తి చూపినవాడు లోపలికి, మిగిలినవాడు ఇంటికి. రంగంలో అలవాటైన వరసే.

అటు బర్మాలో 1938లో మళ్ళీ గొడవలు, 1941 జూలైలో వలసకి కళ్ళెం వేస్తూ ఒప్పందం, ఆ డిసెంబరు 23న రంగూన్ మీద జపాన్ బాంబులు. మొదటి బాంబులకే రేవు కూలీలు పడిపోయారు. తర్వాత అరకాన్ కొండల మీదుగా, మణిపూర్ దారిలో లక్షల మంది నడిచొచ్చారు. దారిలో పోయినవాళ్ళ లెక్క పది వేలన్నవాళ్ళున్నారు, యాభై వేలన్నవాళ్ళున్నారు. ఇంత తేడా ఎందుకొచ్చిందో నాబోటి గుమాస్తాకి విడమరిచి చెప్పక్కర్లేదు. ఈ నడక గురించి మనవాళ్ళు కొంత రాశారు కాబట్టి నేను ఇక్కడ పొడిగించను.

విట్లీ కమిషన్ 1931 రిపోర్టులో, రేవుల్లో రోజుకూలీ పద్ధతి తగ్గించి పేర్లు నమోదు చెయ్యమని రాసింది. అది చట్టమయ్యేసరికి దేశానికి స్వాతంత్ర్యం వచ్చేసింది. 1948లో డాక్ వర్కర్స్ చట్టం, దాని కింద 1959లో విశాఖకి స్కీము. ప్రతి కార్మికుడికీ నెంబరు, కార్డు, ఫొటో. వంతు ప్రకారం పిలుపు. పని లేని రోజున హాజరు డబ్బు. మేస్త్రీ వేలు పోయి రిజిస్టరు వచ్చింది. ఆ రిజిస్టరు గొప్పదేం కాదు. అందులో దొంగ హాజర్లుండేవి, కొడుకు కోసం తండ్రి చేసే పైరవీలుండేవి, పనికి బద్ధకించి హాజరుకి ఎగబడే పెద్దమనుషులుండేవారు. అవన్నీ నా చేతి మీదుగానే పోయాయి. అయినా 1980లలో ఓడలు తగ్గినప్పుడు ఒక గ్యాంగు మీదికి ఇంకో గ్యాంగు కత్తి పట్టుకు రాలేదు. ఎవడి వంతు ఎప్పుడో గోడ మీద రాసి ఉండేది మరి.

కంటైనర్లు వచ్చాయి, యంత్రాలు వచ్చాయి, బోర్డు పోర్టులో కలిసిపోయింది. రిజిస్టరులో పాత పేర్లు రిటైరవుతుంటే కొత్త పేర్లు ఎక్కడం మానేశాయి. కొత్తవాళ్ళు కాంట్రాక్టరు మనుషులు. మా ఊరి కుర్రాళ్ళు విశాఖలో ఆగక చెన్నై, హైదరాబాదు, గల్ఫ్ పోయారు. బెస్త కుర్రాళ్ళు గుజరాత్‌లో వెరావల్ రేవుకి చేరి, సేఠు బోట్ల మీద నెలల తరబడి సముద్రంలో ఉంటున్నారు. అక్కడా అడ్వాన్సుంది, మధ్యలో మనుషుల్ని కుదిర్చేవాడున్నాడు. 1979లో అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం చేసి, ఇలా తీసుకెళ్ళినవాళ్ళ పేర్లు కాంట్రాక్టరు రాసి ఇవ్వాలన్నారు. ఎందరు ఇచ్చారో 2020 మార్చిలో లాక్‌డౌన్ పెట్టగానే తెలిసింది. వెరావల్‌లో బోట్లలోనే ఇరుక్కుపోయిన మన శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ మత్స్యకారులు ఫోన్లలో వీడియోలు తీసి పంపితేగానీ వాళ్ళెందరో ఇక్కడ ఎవరికీ లెక్క లేదు. నాలుగు వేల పైచిలుకని తేలాక బస్సుల్లో తెచ్చారు. వాళ్ళు అదృష్టవంతులు.

అదే ఏడాది సెప్టెంబరులో, లాక్‌డౌన్‌లో ఇళ్ళకి నడుస్తూ ఎందరు వలస కూలీలు చనిపోయారని పార్లమెంటులో అడిగారు. అలాంటి లెక్క తమ దగ్గర లేదని కేంద్ర కార్మిక శాఖ రాతపూర్వకంగా జవాబిచ్చింది. 1930లో తెల్లదొర తప్పో ఒప్పో 120 అని ఒక అంకె అయినా రాశాడు.